ధర్మరాజు ఒంటరిగా తేరుకోలేదు

తెల్లాపూర్‌లో భవనాల పునాదుల కోసం బండను పేల్చినప్పుడల్లా ఆ విశ్రాంత సైనికుని దేహం కంపిస్తుంది. సరిహద్దును ఆయన విడిచి ఏళ్లు గడిచాయి. సరిహద్దు ఆయనను విడువలేదు. నిత్యం గీతాపారాయణం చేసే తనకు ఈ భయమేమిటన్న సిగ్గు, భయం కన్నా బరువైనది.

వియత్నాం యుద్ధానంతరం, 1980లో అమెరికా మనోవైద్యులు ఈ స్థితికి ఒక పేరు నిర్ణయించారు. పేరు లేకుండానే వ్యాసభగవానుడు దీనిని చిత్రించాడు. విజేతయైన ధర్మరాజు కర్ణుని తలచి కుమిలిపోయాడు, రాజ్యం వలదని అరణ్యానికి పోదలచాడు. ధర్మమూర్తికే కలిగిన వేదన భక్తిలోపం ఎట్లగును?

అర్జునునికి రథంపై ఒక్క సారథి బోధ సరిపోయింది. ధర్మరాజుకు శాంతిపర్వంలో ఒక సభయే కావలసివచ్చింది. అదే యుద్ధాన్ని అనుభవించిన తమ్ములు, ద్రౌపది పలికారు, మందలించారు. నారదుడు, వ్యాసుడు, కృష్ణుడు ఓదార్చారు. చివరకు ఆ యుద్ధంలోనే గాయపడి అంపశయ్యపై ఉన్న భీష్ముడు బోధించాడు.

నేటి సామూహిక చికిత్సలోనూ సమానానుభవం గలవారు నిపుణుని సమక్షంలో కూర్చుంటారు. దాచిన స్మృతిని పలుకుతారు, తప్పించుకు తిరిగిన శబ్దాలను, స్థలాలను క్రమక్రమంగా సమీపిస్తారు. పారిపోయిన కొద్దీ భయం పెరుగుతుంది. తోడుతో నిలిచిన కొద్దీ తగ్గుతుంది. తొలి అడుగుకు టెలీ మానస్ 14416 ఉన్నది.

ఒక సాయంకాలం ఆయన పక్కన మరొక మాజీ సైనికుడు కూర్చుని ఉండగా బండ పేలింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. "నాకూ ఇంతే అన్నా" అన్నాడు అతడు. ఆ క్షణాన సిగ్గు సగం కరిగింది.