కిత్తనారకి పేరు, ఇప్పపువ్వుకి కేసు



మా కాలేజీలో సిటీ కుర్రాళ్లు ఇంట్లో 'మార్గరీటా' కలపడం గురించి గొప్పగా చెప్తారు. టెకీలా, నిమ్మరసం, కాస్త నారింజ లిక్కర్, గ్లాసు అంచుకి ఉప్పు. అంతే. ఆ టెకీలా దేన్నుంచి వస్తాదో తెలుసా? మన గట్ల మీద ముళ్లతో నిలబడే కిత్తనార జాతి మొక్క నుంచే. ఆకులు నరికి, మధ్యనున్న మొద్దుని కాల్చి, నలగ్గొట్టి, పులియబెట్టి కాస్తారు. మనోళ్లు ఇప్పపువ్వు ఎండబెట్టి, నానబెట్టి, పులిశాక కుండల్లో కాస్తారు. పని ఇంచుమించు ఒకటే.

మెక్సికో 1974లోనే 'టెకీలా' అనే పేరుని చట్టంతో కాపాడుకుంది. మన చిత్తూరు వైపు డెస్మండ్ నజరెత్ అనే ఆయన దక్కన్ కిత్తనారతో మద్యం తీసి 2011లో సీసాల్లో అమ్మకానికి పెట్టారు, తర్వాత ఇప్పపువ్వుతో కూడా. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాని 'హెరిటేజ్ లిక్కర్' అంది. సీతంపేట, కురుపాం వైపు మాత్రం అది 'నాటుసారా', దొరికితే కేసు.

తాగమని మేము చెప్పట్లేదు. తాగుడు మన ఇళ్లని ఎలా కూల్చిందో చూస్తూనే పెరిగాం. కానీ సవర ఇళ్లల్లో చనిపోయిన పెద్దలకి వొంపేది ఆ చుక్కే కదా. రేపు దానికీ సీసా, లేబులూ వస్తే, తెల్లారకముందే పువ్వు ఏరే మన అమ్మలకి అందులో పేరూ ఉండాలి, వాటా కూడా ఉండాలి.