త్రాసుకడ గురి

జీవితమంతయు కచ్చేరీలో అంకెలు సరిచూచిన నాకు, అమెరికాలోని మా అల్లుడు మీటతో నడుచు తన 1894 నమూనా విన్చెస్టరు తుపాకికి తూటాలు స్వయముగా కూర్చుకొనుట పరాయి పనిగా తోచలేదు.

గొట్టము క్రింది నాళికలో తూటాలు ఒకదాని వెనుక నొకటి నిలుచును గనుక గుండు కొన చదునుగా నుండవలెను. సూదిగా నున్నచో తుపాకి తన్నునపుడు ముందరి తూటా రంజకమును తాకి ప్రేల్చవచ్చును. సీసమునకు తగరము, అంటిమొని కలిపి పోసిన గుండు గొట్టపు లోకొలతకంటె అంగుళములో సుమారు వెయ్యవవంతు లావుగా నుండవలెను. సన్ననిదైనచో వేడివాయువు ప్రక్కలనుండి దూరి సీసమును గొట్టమునకు అంటించును.

అతడు ప్రతి గుండును తూచి, తేలికైనదానిని లోన బోలున్నదని మరల కరగించును. గురి ఆ త్రాసుకడనే మొదలగును. మందును పుస్తకములోని కొలతకు మించనీయడు. చిట్టాలో పైసా తప్పినచో మరల కూడవచ్చును. ఇచ్చట పొరపడినచో చేయి పోవును.