అడవిలో కుక్క... ఫొటోలో ఎక్కడ?

ఇంట్లో పెంచుకునే కుక్కను అరుగు మీద కూర్చోబెట్టి ఫొటో తీస్తే ముద్దొస్తుంది. అదే కుక్కను చెట్ల మధ్యకు తీసుకెళ్లి పది ఫొటోలు తీస్తే... ఇంటికొచ్చాక అందులో కుక్కను వెతుక్కోవాల్సి వస్తుంది! ఎండుటాకులు కనిపిస్తాయి. పొదలు కనిపిస్తాయి. కొమ్మల సందుల్లో ఆకాశం తెల్లగా వెలిగిపోతుంటుంది. వాటన్నిటి మధ్యా ఎక్కడో ఓ గోధుమరంగు మచ్చ. 'ఇదిగో, మా టామీ' అని వేలుపెట్టి చూపిస్తే తప్ప చుట్టాలకు తెలియదు.

తప్పు కెమెరాది కాదు, కుక్కదీ కాదు. అడవిలో కంటిని లాగేవి మరీ ఎక్కువ. వాటిలో దేన్ని వదిలేయాలో తెలిస్తే ఫొటో దానంతటదే కుదురుతుంది. అది నేర్చుకోవడానికి వైరా చుట్టుపక్కల ప్రాంతం మంచి బడి.

ఏటి ఒడ్డు నుంచి చెట్లలోకి...

ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్లే దారిలో ఉంటుంది వైరా. నిజాం పాలనలో వైరా ఏటి మీద కట్టిన రిజర్వాయరే ఊరికి గుర్తు. ఆ ఏరు మున్నేరులో, మున్నేరు కృష్ణలో కలుస్తాయి. ఊరి చుట్టూ వరి, పత్తి, మిర్చి పొలాలూ మామిడితోటలూ ఎక్కువ. తల్లాడ దగ్గర కొత్తగూడెం దారి పట్టి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా వెళ్లేకొద్దీ పొలాలు పలచబడి చెట్లు చిక్కబడతాయి. టేకు, మద్ది, తునికి, ఇప్ప, మోదుగ పలకరిస్తాయి. 2016లో కొత్త జిల్లాలు వచ్చాక ఈ దారి ఖమ్మం జిల్లాలో మొదలై భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి సాగుతుంది. నీటి ఒడ్డు, తోట, అడవి అంచు... మూడూ ఒకే రోజు ప్రయాణంలో దొరుకుతాయన్నమాట.

ఏ కాలానికి ఏ రంగు?

ఇది ఆకురాల్చే అడవి. కాలాన్ని బట్టి దాని రంగు మారిపోతుంది. శివరాత్రి దాటేసరికి నేలంతా ఎండిన టేకాకులే. మన ఊరకుక్కల్లో చాలావాటిదీ కొల్లేరు ప్రాంతపు జోనంగి జాతిలో కొన్నింటిదీ సరిగ్గా అదే రంగు. ఆ నేల మీద అవి ఇట్టే కలిసిపోతాయి. వాటిని వర్షాకాలంలో, పచ్చటి గడ్డి ఎదిగాక తీస్తే బొమ్మ గీసినట్టు కనిపిస్తాయి. నల్లకుక్కది సరిగ్గా ఎదురు కథ. ఎండుటాకుల మీద మెరిసిపోతుంది, వానాకాలపు చిక్కటి నీడలో మాయమవుతుంది.

మరో సంగతి. ఫాల్గుణంలో మోదుగ పూలు అడవికి నిప్పంటుకున్నట్టు ఎర్రగా విరబూస్తాయి. మనకు అంత అందంగా కనిపించే ఆ ఎరుపు కుక్కకు దాదాపు తెలియదు. దాని కంటికి నీలం, పసుపు రంగులే బాగా ఆనతాయి. చూపు కెమెరావైపు తిప్పాలని ఎర్రబంతి ఊపితే అందుకే పెద్దగా పట్టించుకోదు. పసుపుదో నీలందో పట్టుకెళ్తే పని తేలిక.

మోకాళ్లు నేలకు ఆనాలి

నిలబడి కిందికి చూస్తూ తీస్తే కుక్క వెనక కనిపించేది నేలే. ఆకులు, పుల్లలు, రాళ్లు... అంతా చిందరవందర. కెమెరాను కుక్క కళ్ల ఎత్తుకు దించితే ఆ చెత్త మాయమై దూరపు చెట్లు మెత్తటి తెరలా వెనక్కి వెళ్తాయి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఇలియట్ ఎర్విట్ 1974లో న్యూయార్క్‌లో తీసిన ఓ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. అందులో టోపీ పెట్టుకున్న బుల్లి చివావా, దాని పక్కన యజమానురాలి బూట్లు, ఆ పక్కన ఓ పెద్ద కుక్క కాళ్లు... అంతే! కెమెరా నేలబారుకు దిగబట్టే అది సాధ్యమైంది.

కిందికి దిగాక ఇంకో చిక్కు వస్తుంది. వెనకున్న చెట్టు సరిగ్గా కుక్క తలమీంచి మొలిచినట్టు పడుతుంది. రిజర్వాయరు కట్ట మీదైతే నీటి గీత మెడను కోసేస్తుంది. కుక్కను కదపాల్సిన పనిలేదు. ఫొటో తీసేవాళ్లు ఒక అడుగు పక్కకు జరిగితే చాలు. తలచుట్టూ ఖాళీ ఉందా, చెవులూ తోకా కాళ్లూ అంచుల్లో తెగిపోలేదా అన్నది బటన్ నొక్కకముందే చూసుకోవాలి. కుక్క ఎటు చూస్తోందో అటువైపు కాస్త ఎక్కువ చోటు వదిలితే, ఆ చూపుకి దారి ఇచ్చినట్టుంటుంది. మరీ దగ్గరికెళ్లి తీస్తే మూతి పెద్దదై ముఖం వింతగా వస్తుంది. నాలుగడుగులు వెనక్కెళ్లి జూమ్ చేయడమే మేలు.

జామాయిల్ తోటే స్టూడియో

ఈ ప్రాంతానికి మరో వరం జామాయిల్ తోటలు. భద్రాచలం దగ్గర సారపాకలో 1979లో ఉత్పత్తి మొదలుపెట్టిన కాగితం మిల్లు వల్ల జిల్లాలో ఎందరో రైతులు వీటినీ సుబాబుల్‌నూ వేశారు. సన్నటి, పాలిపోయిన కాండాలు. తిన్నటి వరసలు. కింద పొదలు తక్కువ. రెండు వరసల మధ్య కుక్కను కూర్చోబెట్టి ఆ సందుకు ఎదురుగా కూర్చుంటే, రెండు పక్కలా చెట్లు చూపును నేరుగా దాని మీదికే నడిపిస్తాయి. అక్కడ కుక్క ఫొటోలో బొటనవేలంత ఉన్నా ఫరవాలేదు. చిన్నగా కనిపించడం తప్పు కాదు, కలిసిపోవడమే తప్పు. తోట ఆసామిని ముందుగా అడగడం మాత్రం మరచిపోకూడదు.

ఇక వెలుగు. నడిమధ్యాహ్నం ఆకుల సందుల్లోంచి పడే ఎండ కుక్క ఒంటిమీద తెల్లమచ్చలు వేస్తుంది. ఏది ముఖమో ఏది మచ్చో తెలియదు. పొద్దున తొలి గంట, లేదా మబ్బు పట్టిన రోజు మంచిది. చెట్ల లోపల కాకుండా అంచు నీడలో ముఖం ఆకాశం వైపు ఉండేలా కూర్చోబెడితే కళ్లలో చిన్న మెరుపు వస్తుంది. ఆ మెరుపే ఫొటోకి ప్రాణం. ఫోనైతే తెరమీద కన్ను దగ్గర తాకి ఫోకస్ పెట్టాలి. నల్లకుక్కను కెమెరా బూడిదరంగులో చూపిస్తే వెలుగు కొద్దిగా తగ్గించాలి, తెల్లకుక్క మాసినట్టొస్తే కొద్దిగా పెంచాలి. పైగా ఖమ్మం ఎండలు తెలిసినవే. పొద్దెక్కాక ఆ నేల కుక్క పాదాల్ని కాలుస్తుంది.

ఆ ఇల్లు వేరేవాళ్లది

1902 ఏప్రిల్‌లో వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర వైస్రాయ్ కర్జన్ దంపతులు వేటాడిన పులితో నిలబడితే, నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ ఫొటో తీశారు. ఆనాడు అడవి ఫొటో అంటే చచ్చిన జంతువు పక్కన మనిషి. ఇవాళ చేతిలో ఫోనుంది, పక్కన ప్రాణంతో తోకాడించే కుక్క ఉంది. అయినా అడవికి హాని చేసే ప్రమాదం పోలేదు.

1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో దాదాపు మూడోవంతు సింహాలు డిస్టెంపర్ వ్యాధితో చనిపోయాయి. చుట్టుపక్కల ఊళ్ల కుక్కల నుంచి అది పాకిందని పరిశోధకులు గుర్తించారు. 2018లో మన గిర్ సింహాల్నీ అదే వైరస్ పట్టుకుంది. అందుకే టీకాలు వేయించని కుక్కను అడవి అంచుకు కూడా తీసుకెళ్లకూడదు. పాల్వంచ దగ్గరి కిన్నెరసాని 1977 నుంచి అభయారణ్యం. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అలాంటిచోట అడుగుపెట్టడానికైనా ఫొటోలు తీయడానికైనా అనుమతి కావాలి. పెంపుడు కుక్కకు అది చోటు కాదు. అక్కడి జలాశయంలో మొసళ్లూ ఉన్నాయి.

కుక్కకూ ప్రమాదాలు తక్కువేం కాదు. పాములు, పిడుదులు, అడవిపందుల కోసం దొంగచాటుగా పరిచే కరెంటు తీగలు... తాడు వదిలితే ఏదైనా జరగొచ్చు. 'తాడు కనిపిస్తే ఫొటో పాడవుతుంది' అంటారు కొందరు. సన్నటి తాడు కట్టి, కుక్క వెనక్కి వచ్చేలా పట్టుకుంటే చాలావరకు కనపడదు. కనపడినా నష్టమేముంది? దాన్ని ఫోన్లో చెరిపేయొచ్చు. పొదల్లోకి పరుగెత్తి తిరిగిరాని కుక్కను ఏ ఫోనూ తెచ్చివ్వలేదు.

కుక్క మనతో ఉండేది పదీ పన్నెండేళ్లు. ఆ తర్వాత ఇంట్లో మిగిలేది గోడమీది ఫొటోనే. పిల్లలు పెద్దయ్యాక దాన్ని చూసి, వేలుపెట్టి చూపించే పని లేకుండానే 'అదుగో టామీ!' అనగలగాలి. అందుకోసం ఓ అడుగు పక్కకు జరగడం, ఓసారి మోకాళ్లమీద కూర్చోవడం పెద్ద కష్టమేం కాదు కదూ!