పాట కట్టినవారి పేరు

శ్రమలోనుంచే పాట పుట్టిందని మన అభ్యుదయ విమర్శ ఎంతోకాలంగా చెబుతూ వస్తున్నది. సరైన మాటే. అయితే ఆ పాట ఎవరు కట్టారు అన్న ప్రశ్న దగ్గర మన విమర్శ కూడా తరచుగా ఆగిపోయింది.

నేనెరిగిన మోస్రా నిజాంసాగర్ నీటితో పండే వరిపొలాల సీమలోని వూరు. నాట్ల రోజుల్లో ఆడకూలీలు వరుసగా వంగి నాటువేస్తూంటే ఒకామె పాట ఎత్తుకుంటుంది, తక్కినవారు అందుకుంటారు. ఎత్తుకున్నామె పాతపాటను వూరికే ఒప్పజెప్పదు. ఆనాటి కూలి సంగతీ, ఆసామి పిసినారితనమూ, పండుగకు పుట్టింటికి పోలేని కోడలి దిగులూ అప్పటికప్పుడు చరణంగా కట్టి కలుపుతుంది. ఆ చరణం ఎవరిదో పక్కమడిలో వున్నవారికి తెలుసు. పుస్తకంలోకి ఎక్కేసరికి మాత్రం అది కర్త తెలియని పాట అవుతుంది. తెలిసినవారిని ఎవరూ అడగలేదన్నదే దీని అర్థం.

జానపదం సమష్టి సృష్టి గదా, అందులో వ్యక్తి పేరు వెదకడం బూర్జువా భావన కాదా అని కొందరు మిత్రులు అడుగుతారు. నిజంగా సమష్టితత్వమే కారణమైతే, సొంతపేరుతో కావ్యం రాసిన స్త్రీకైనా న్యాయం జరిగి వుండాలి. జరిగిందా? తాళ్లపాక తిమ్మక్క ‘సుభద్రాకల్యాణం’ రాసింది. మనం ఆమెను ముందుగా అన్నమయ్య భార్యగానే ఎరుగుదుము. ముద్దుపళని 18వ శతాబ్దిలో తంజావూరులో ‘రాధికాసాంత్వనము’ రచించింది. స్త్రీల ఉద్ధరణకు జీవితం ధారపోసిన వీరేశలింగం పంతులుగారే ఆ కావ్యాన్ని ఈసడించారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని పరిష్కరించి అచ్చువేయించగా, మరుసటి ఏడే ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి 1947 రావలసివచ్చింది. భండారు అచ్చమాంబ 1902లో ‘ధనత్రయోదశి’ కథ రాసింది. అయినా మన పాఠాల్లో తెలుగు కథ చాలాకాలం 1910 నాటి ‘దిద్దుబాటు’తోనే మొదలయింది. గురజాడను తక్కువచేయడానికి ఈ మాట అనడం లేదు. లెక్క సరిగా వుండాలంటున్నాను.

మన ఉద్యమం మాటేమిటి? మోటూరి ఉదయం దళం బుర్రకథ చెప్పి వూళ్ళను కదిలించింది. కొండపల్లి కోటేశ్వరమ్మ ప్రజల మధ్య పాడింది, ఆడింది, రహస్యజీవితం గడిపింది. ఆమె ఆత్మకథ ‘నిర్జన వారధి’ 2012లో, ఆమెకు తొంభై దాటిన తర్వాత వెలువడింది. తెలంగాణ సాయుధ పోరాటం 1951లో ముగిస్తే, అందులోని స్త్రీలు తమ నోటితో చెప్పిన కథలు ‘మనకు తెలియని మన చరిత్ర’గా 1986లో వచ్చాయి. ముప్పైయైదేళ్ళు! ఆ పుస్తకం పేరులోని ‘మనకు’ అన్న మాట మనలనే ఉద్దేశించినదని గ్రహించవలసి వుంది.

నిజామాబాదు జిల్లాలో ఇంటింటా బీడీలు చుట్టే స్త్రీలున్నారు. బీడీ కార్మికురాలి పేరు కార్ఖానా పుస్తకంలో కనిపిస్తుంది. చుట్టిన బీడీల లెక్క యజమానికి కావాలి గనుక. ఆమె బతుకమ్మకు కట్టిన చరణం అమ్ముడుపోదు గనుక దాని పక్కన పేరు రాసే అవసరం ఎవరికీ కలగలేదు. పేరు చెరిగిపోవడంలోనూ ఆస్తి సంబంధాలే పనిచేస్తున్నాయి. 1937లో నెలకొల్పిన బోధన్ చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది. దాని చరిత్ర రాయదలచినవారికి దస్తావేజులున్నాయి. ఈ స్త్రీల చరిత్రకు వారి కంఠమే ఆధారం. ఆ కంఠాలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి.

కనుక విద్యార్థి మిత్రులకూ, తోటి ఉపాధ్యాయులకూ నా విన్నపం ఒక్కటే. పాట రాసుకునేటప్పుడు పాడినామె పేరూ, వూరూ, చేసే పనీ రాయండి. ఏ చరణం తాను కట్టిందో ఆమెనే అడగండి. చెప్పేందుకు ఆమె సిద్ధంగానే వుంది.