వెనక్కి పోతాంది... ముందుకు రాదంట!

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు మనం ఏసీ చూస్తాం, టైర్లు చూస్తాం, మీటరు వెనక్కి తిప్పారేమోనని అనుమానపడతాం. డ్రైవర్ సీటు పక్కనుండే చిన్న స్విచ్‌ని మాత్రం ఒకసారి అటు, ఒకసారి ఇటు నొక్కి ‘అబ్బ, ఎలక్ట్రిక్ సీటు’ అని మురిసిపోయి వదిలేస్తాం. ఎలక్ట్రిక్ సీటు కొత్త వింతేం కాదు. 1957లోనే అమెరికాలో క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్ సీటు మనం కూర్చునే పొజిషన్ని గుర్తుపెట్టుకునేది. మన దగ్గర చాలా ఏళ్లు పెద్దోళ్ల కార్లకే పరిమితమైన ఈ సోకు, ఆ కార్లు పాతబడ్డాక ఇప్పుడు మన చేతికొస్తోంది. సోకుతోపాటు దాని రోగాలూ వస్తాయి కదా!

మాది కోయిలకుంట్ల. ఊరి పేరు చెప్తే బయటోళ్లు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గురించీ, ‘సైరా’ గురించీ అడుగుతారు. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ని ఉరితీసింది మా ఊళ్లోనే మరి. నాకు మాత్రం కొన్నాళ్లుగా ఊరంటే మంగళవారం, శనివారం. ఆ రెండు రోజులూ నాయనకు నంద్యాలలో డయాలసిస్. బస్సులో పోవచ్చు గానీ, తిరిగొచ్చేటప్పుడు బీపీ పడిపోయి ఆయన నిలబడలేడు. అందుకే 2008 మోడల్ ఆటోమేటిక్ సెడాన్ ఒకటి కొన్నాం, ఉమ్మడి రాష్ట్రం నాటి ఏపీ 09 నంబరుది. నాది బెంగళూరులో ఉద్యోగం. శనివారం నేను తీసుకుపోతా. మంగళవారం చెల్లెలు తీసుకుపోతుంది. నేను ఆరడుగులు, అది ఐదడుగులు. మా ఇద్దరి మధ్య ఆ అడుగును సర్దేది సీటు కింద ఉన్న మోటారే.

ఆ శనివారం నేనే నడిపాను, సీటు నాకు సరిపడా వెనక్కి ఉంది. ఆదివారం పొద్దున చెల్లెలు బండి తీద్దామని కూర్చుంది. స్విచ్ ముందుకు నొక్కింది. చప్పుడు లేదు. మళ్లీ నొక్కింది, లేదు. వెనక్కి నొక్కి చూసింది. జుయ్ మని ఇంకో అంగుళం వెనక్కి పోయింది! అంటే, పరీక్ష చేసిన కొద్దీ బ్రేకుకు ఇంకా దూరమైపోతాం. "అన్నా, ఇది వెనక్కి పోతాంది, ముందుకు రాదంట!" అని అరిచింది. నవ్వొచ్చింది కానీ, మంగళవారం గుర్తొచ్చాక ఇద్దరికీ నవ్వు ఆగిపోయింది.

వీపు వెనక రెండు దిండ్లు పెట్టుకోమని పక్కింటి సలహా. దయచేసి మీరెవరూ ఆ పని చేయకండి. సడన్ బ్రేకు కొట్టేటప్పుడు మన బలమంతా వీపు మీద ఆనుతుంది. వెనక మెత్తటి దిండు ఉంటే మనమే వెనక్కి కుంగుతాం, కాలు పెడల్ మీద సగమే దిగుతుంది. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే స్విచ్ విడిగా రాదు, సీటు మొత్తం మార్చాలన్నారు. ఖర్చు అరవై వేలు దాటుతుంది, పార్టు రావడానికి మూడు వారాలు. మా దగ్గరున్నది రెండు రోజులు.

ఇక మా ఊరి సంగతి. ఇక్కడ ట్రాక్టరు మెకానిక్కులకు, బోరు మోటార్లు వైండింగ్ చేసేవాళ్లకు కొదవలేదు. నీళ్ల కోసం అంత లోతుకు పోవాల్సిన సీమలో మోటారు కాలడమంటే ఇంట్లో మనిషికి జ్వరం వచ్చినట్టే. నాకు తెలిసిన వైండింగ్ షాపాయన ఉన్నాడు, చిన్నాయనా అని పిలుస్తా. ఎలక్ట్రిక్ సీటు ఆయన ముందెప్పుడూ విప్పలేదు. విషయం చెప్పగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న బోరు కాడ అడిగేదే.

"ఏం అబ్బీ, మోటారు ఉమ్మంటాందా, సప్పుడే లేదా?"

సీటు రిపేరులో సగం ఈ ప్రశ్నలోనే ఉంది. మోటారు తిరిగే చప్పుడు వచ్చి సీటు కదలకపోతే కరెంటు బాగానే ఉందని అర్థం. అప్పుడు రోగం మోటారు నుంచి పట్టాలకు పోయే కేబుల్లోనో, అరిగిపోయిన ప్లాస్టిక్ గేర్లోనో ఉంటుంది. చప్పుడు లేదు గానీ నొక్కినప్పుడల్లా లోపలి లైటు డిమ్ అవుతోందా? మోటారు కరెంటు లాగుతోంది, ఏదో అడ్డం పడి తిరగలేకపోతోంది. పట్టా మధ్యలో ఇరుక్కున్న రూపాయి బిళ్ల, వాటర్ బాటిల్ మూత చాలు. చప్పుడూ లేక, లైటూ డిమ్ కాకపోతే అసలు కరెంటే అందట్లేదు. ముందు ఫ్యూజు చూడాలి. తర్వాత సీటు కింది కనెక్టర్, ఎర్త్ వైరు, చివర్న స్విచ్.

మా సీటులో వీపు వాలుతోంది, ఎత్తు పెరుగుతోంది, తగ్గుతోంది. అంటే ఫ్యూజూ, ఎర్తూ బాగున్నట్టే. ముందుకు నొక్కితే మాత్రం నిశ్శబ్దం, లైటు కూడా డిమ్ కాదు. చిన్నాయన కాసేపు ఆలోచించి, "వెనక్కి పోయే మోటారు ముందుకెందుకు పోదురా? మోటారు ఒకటే గదా!" అన్నాడు. అక్కడే ముడి విడిపోయింది. ఇది డీసీ మోటారు, రెండే వైర్లు. స్విచ్ ముట్టుకోనప్పుడు ఆ రెండూ ఎర్త్‌కే కలిసి ఉంటాయి. ముందుకు నొక్కితే ఒక వైరుకు ప్లస్ వస్తుంది, వెనక్కి నొక్కితే రెండోదానికి. ఒక దిక్కు తిరిగిందంటే మోటారుకీ వైర్లకీ ఢోకా లేదు. స్విచ్ లోపలి కాంటాక్టే దెబ్బతింది. (మెమరీ బటన్లున్న సీట్లకు మధ్యలో కంట్రోల్ మాడ్యూల్ ఒకటి ఉంటుంది, వాటి లెక్క వేరు. మాది ఆ సోకు లేనిది.)

నా దగ్గర ఆన్‌లైన్లో కొన్న మల్టీమీటర్ ఉంది. ముందుకు నొక్కి కనెక్టర్ దగ్గర చూస్తే 12.4 వోల్టులు చూపించింది. చిన్నాయన దాన్ని పక్కన పెట్టేసి పాత హెడ్‌లైట్ బల్బుకు రెండు వైర్లు కట్టి అక్కడే ఆనించాడు. 55 వాట్ల బల్బు, సిగరెట్ నిప్పులా ఎర్రగా మినుకుమంది. వెనక్కి నొక్కితే భగ్గున వెలిగింది. మీటరుకు పిసరంత కరెంటు చాలు, కాలిపోయిన కాంటాక్టు గుండా కూడా వోల్టులు అందుతాయి. బరువు పడితేనే బండారం బయటపడుతుంది. బల్బు నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది మరి. ఈ చిట్కా సీటుకే కాదు, పవర్ విండోకీ, హారన్‌కీ పనికొస్తుంది.

మీరూ సీటు కింద చేయి పెట్టాలనుకుంటే ఒక జాగ్రత్త. అక్కడ పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తాయి. అవి సైడ్ ఎయిర్‌బ్యాగువి, సీట్‌బెల్టును బిగించే పరికరానివి. వాటికి బల్బూ పెట్టకూడదు, మీటరూ పెట్టకూడదు. ఏ కనెక్టర్ ఊడదీయాలన్నా ముందు కారు బ్యాటరీ మైనస్ తీసేసి కొన్ని నిమిషాలు ఆగాలి. ఫ్యూజు పోతే అదే ఆంపియర్లది వేయాలి. తీగముక్క చుట్టే పాత అలవాటు కార్పెట్ కింద మంట పెడుతుంది.

స్విచ్ విప్పాలంటే సీటు బోల్టులు ఊడదీయాలి. సీటు పూర్తిగా వెనక్కి ఉంటే ముందు బోల్టులే అందుతాయి, వెనకవి దాక్కుంటాయి. స్విచ్ బాగుకావాలంటే సీటు కదలాలి, సీటు కదలాలంటే స్విచ్ బాగుకావాలి! దీనికి విరుగుడు షాపు ముందు ఆగిన ట్రాక్టరు. కారు బ్యాటరీ తీసేసి, మోటారు ప్లగ్గు మాత్రం ఊడదీసి, ట్రాక్టరు బ్యాటరీ నుంచి మధ్యలో ఫ్యూజు పెట్టి రెండు వైర్లు లాగాం. అదీ 12 వోల్టులే. ఒక్క క్షణం ఆగి సీటు ముందుకు కదిలింది. చెల్లెలు లోపల కూర్చుని "ఇంగ రానీ... ఇంగ రానీ... చాలు!" అంటుంటే చిన్నాయన వైరు తాకిస్తూ తీస్తూ పోయాడు. ఆదివారం సాయంత్రం ఐదున్నరకు దాని కాలు బ్రేకు మీద పూర్తిగా ఆనింది.

సోమవారం నేను సెలవు పెట్టి స్విచ్ విప్పించాను. లోపల పాత గ్రీజు, మా నల్లరేగడి దుమ్ము కలిసి గట్టిపడి ఉన్నాయి. ముందుకు పోయే కాంటాక్టు మీద నల్లటి మచ్చ. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, సన్న ఎమెరీతో మెల్లగా రుద్దితే రాగి రంగు బయటపడింది. పని చేస్తోంది. కానీ ఒకసారి కాలిన కాంటాక్టు ఎన్నాళ్లుంటుందో చెప్పలేనని చిన్నాయనే అన్నాడు. పాత కార్లు విప్పి పార్టులు అమ్మే చెన్నై పుదుపేటలో అదే మోడల్ స్విచ్ వెతకమని ఒక ఫ్రెండుకు చెప్పాను. ఆయన మా దగ్గర తీసుకుంది ఆరొందలు. మోటారు కాలలేదు కాబట్టి అసలు తన పనే లేదని అంతకన్నా పుచ్చుకోలేదు.

మంగళవారం పొద్దున ఆరింటికి చెల్లెలు, నాయన నంద్యాలకు బయల్దేరారు. కొత్త స్విచ్ వచ్చేదాకా సీటు స్విచ్ మీద ఎవరూ చేయి వేయకూడదని దాని ఆర్డరు, పైన టేపు కూడా అంటించింది. అందుకే శనివారాలు కూడా బండి అదే నడుపుతోంది. నేను వెనక సీట్లో నాయన పక్కన కూర్చుంటున్నా. తిరుగు ప్రయాణంలో ఆయన నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోతాడు.