ఎవరి వీపున ఎంత?

మా ఏళాయిరంపన్నై, కోవిల్‌పట్టి ప్రాంతాల బండి పందేలు చూడనివారు మనలో అరుదు. పెద్దయెడ్ల పందెం వేరు, చిన్నయెడ్లది వేరు, పూంజిట్టు వేరు. పెద్దవాటికి దూరం ఎక్కువ, చిన్నవాటికి తక్కువ. జోడు కానివాటిని కలిపి తోలడం న్యాయం కాదని పెద్దలు ఎరుగుదురు.

గుర్రప్పందెంలో జోడు కుదిర్చేది బరువు. గిండీ మైదానంలో (ఆ స్థలాన్ని 2024లో ప్రభుత్వం స్వాధీనం చేసుకొన్నది) మామయ్యతో ఒకనాడు ఈ సంగతి చూచాము. పందెం కాయడానికి కాదు, చూడడానికే లెండి! జాకీని జీనుతో సహా తూచారు. చాలని బరువుకు సీసపు బిళ్లలు చేర్చారు. పరుగు ముగియగానే మళ్లీ తూచారు.

బరువు వేయడంలో మూడు పద్ధతులున్నవి. డెర్బీలో అన్నీ ఒకే వయసువి. మగవాటికి 57 కిలోలు, ఆడవాటికి 55.5. వెనుకటి గెలుపులతో పని లేదు. వేర్వేరు వయసులవి కలిసి పరుగెత్తితే చిన్నదానికి బరువు తగ్గుతుంది. మూడవది హాండీక్యాప్. ఇందులో ప్రతి గుర్రానికీ వెనుకటి పరుగులను బట్టి ఒక అంకె వేస్తారు. మన దేశంలో ఒక అంకె తేడాకు అర కిలో. 60 అంకె గుర్రం 60 కిలోలు మోస్తే, 50 అంకెది 55 మోస్తుంది. గెలిస్తే అంకె పెరుగుతుంది, ఓడుతూ వస్తే తగ్గుతుంది.

బలమున్నది గదా అని ఎంతైనా వేయవచ్చునా? ఆస్ట్రేలియా పందేలలో పేరుపడ్డ ఫార్‌లాప్ 1930లో సుమారు 62.5 కిలోలతో మెల్బోర్న్ కప్పు గెలిచింది. 1931లో దాని వీపున 68 కిలోలు వేశారు. ఎనిమిదవదిగా వచ్చింది.

ఇది మా ఇంటి సంగతి కూడా. అమ్మ మందుల ఖర్చు మొదట మేమూ మా తమ్ముడూ చెరి సగం అనుకొన్నాము. అగ్గిపెట్టెల పనికి పోయే తమ్ముడు రెండు నెలలకే అప్పు చేశాడు. నెల జీతం వచ్చేది మాకు గనుక ముప్పాతిక భాగం మేమే తీసుకొన్నాము. అది న్యాయమే. కాని ఆరేండ్లు గడిచినవి. తమ్ముడు చిన్న కొట్టు పెట్టి నిలదొక్కుకొన్నాడు. మా పిల్లలిద్దరూ కాలేజీకి వచ్చారు. అంకె మాత్రం ఎవరూ మార్చలేదు. అడగడానికి మాకు నామోషీ. అడగలేదు గాని, తమ్ముడిమీద లోలోపల కోపం పెంచుకొన్నాము.

మొన్న పొంగలి నాడు నోరు విప్పితే తమ్ముడు, “అన్నా, నేనే ఇస్తానంటే నీ పెద్దరికానికి తక్కువని ఊరకున్నాను” అన్నాడు. ఇద్దరం ఒకరి మర్యాద ఒకరు కాపాడుతూ దూరమైపోయామన్నమాట! ఇక ఏటేటా పొంగలికి లెక్క తిరగవేయాలని ఒప్పుకొన్నాము.

గడపలో కూర్చున్న అమ్మ అంతా విన్నది. “నేనంత బరువయ్యానా నాయనా?” అన్నది.

బరువు అమ్మది కాదు, మేము ఆరేండ్లు దాచుకొన్న మాటదని చెప్పవలసింది. ఆ పూట నోరు రాలేదు. అందుకే ఇక్కడ వ్రాస్తున్నాము. తమ్ముడు చదివి వినిపిస్తాడు.