గాజుల సరసన గడియారము

అక్కచెల్లెండ్రమగు మే మిరువురము ఏబదియేండ్ల ప్రాయమున సముద్రమున మునుగ నేర్చితిమి. మునుగువారు మణికట్టున ధరించు కంప్యూటరును ఇద్దఱకు నొక్కటియే కొంటిమి. అది చిన్నదై గాజుల సరసన నొప్పెను. అంతకు మించి విచారింపలేదు.

నీటిలో 10 మీటర్లు దిగినప్పుడెల్ల, నేలపై మనకుండు గాలి యొత్తిడియంత యొత్తిడి హెచ్చును. పీల్చిన గాలిలోని నత్రజని రక్తమాంసములఁ గరఁగును. వేగముగఁ బైకి వచ్చినచో, మూఁత తీసిన సోడాయందువలె బుడగలు గట్టి కీళ్లనొప్పులను, పక్షవాతమును సైతము తెచ్చును. ఎంత లోతున నెంతసేపుంటిమో లెక్కించి, ఇంక నెన్ని నిమిషము లుండవచ్చునో యా యంత్రము తెలుపును. అయితే అది ధరించినవారి లెక్కయే!

2023లో అండమానులందలి స్వరాజ్ ద్వీపమున యంత్రము మాలో పెద్దామె చేతి కుండెను. చిన్నామె చేఁపల వెంట నాలుగు మీటర్లు క్రిందికిఁ బోయెను. ఆమె లెక్క యెవరికిఁ దెలియును? పైకి వచ్చునపుడు వేగము హెచ్చఁగా యంత్రము కూయసాగెను. చత్వారపుఁ గన్నులకు నువ్వుగింజలంతటి యంకెలు కానరాలేదు. తోడువచ్చిన శిక్షకుఁడు మా చేతులు పట్టి, 5 మీటర్లకడ 3 నిమిషములు నిలిపెను. కీడు కలుగలేదు గాని యా రాత్రి నిద్రపట్టలేదు.

పిమ్మట రెండు కొంటిమి. లెక్కించు పద్ధతి భేదింపకుండ రెండును ఒకే రకమువి. కంటియద్దములు తీసి, దుకాణపుఁ జీఁకటిమూలను నిలిచి యంకెలు చదివి చూచితిమి. సిలిండరులోని గాలిని సైతము తెలుపు హంగునకు వెల హెచ్చు. గొట్టమునకు వ్రేలాడు మీటరు ముల్లే చాలునంటిమి. బ్యాటరీ మనమే మార్చుకొను వీలును మాత్రము విడువలేదు. చేయి నిండ నుండు పలక లివి; గాజులు ఒడ్డుననే విడిచి దిగుచున్నాము.